అమీనా జప్తుకు వచ్చినప్పుడు మగ్గం మాటేమి?

అప్పు తీర్చవలసిన బాధ్యత మనదే. డిక్రీ అయిన పిమ్మట కోర్టు అమీనా జప్తుకు వచ్చుట చట్టసమ్మతమే. కాని ఆ చట్టమే అమీనాకు కూడ హద్దులు గీచినది. అవి తెలియకనే మన నేతకుటుంబాలు నష్టపోవుచున్నవి.

1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారం చేతిపనివాని పనిముట్లు జప్తు చేయరాదు. నేతగాడు స్వయంగా నేసే మగ్గం, అచ్చు, నాడె, రాట్నం అట్టివే. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ విడువరాని ఆభరణాలు కూడ ముట్టరాదు. ఈ రక్షణ వదులుకొంటినని అప్పుపత్రంలో వ్రాయించుకొన్నను చెల్లదని 1976 సవరణ స్పష్టం చేసినది. అయితే నూలు, నేసిన బట్ట పనిముట్లు కావు. అవి సొసైటీవైనచో పాసుపుస్తకం చూపి, 21వ ఆర్డరు 58వ రూలు క్రింద సొసైటీయే క్లెయిము వేయవలెను.

అమీనా రాగానే వారంటు చూపమని మర్యాదగా అడుగుడు. దానిపై అధికారి సంతకం, కోర్టు ముద్ర, అమలు గడువు తేదీ ఉండవలెను. ప్రొద్దుగ్రుంకిన తరువాత, తెల్లవారకముందు జప్తుకై నివాసగృహంలో ప్రవేశించరాదని 62వ సెక్షను చెప్పుచున్నది. షోలాపురంలో మరాఠీ, సేలంలో తమిళం, బళ్ళారిలో కన్నడం, బరంపురంలో ఒడియా కాగితం చేతికి రావచ్చును. చదివించుకొనక సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దు. సొమ్ము కట్టదలచినచో కోర్టులో కట్టి రసీదు పొందుట క్షేమం. జప్తు తప్పని తోచినను చేయిచేసుకొనవద్దు; అడ్డుపడినచో మనపైనే కేసు వచ్చును.

ఇక ముఖ్యమైన మాట. మా వద్దకు వచ్చిన ఒక సోదరుడు, అమీనా దురుసుగా ప్రవర్తించెనని అర్జీ పంపి, దానితో మగ్గం తిరిగి వచ్చునని ఎదురుచూచెను. అది రాలేదు. మగ్గానికి ఒక కాగితం, ప్రవర్తనకు మరొక కాగితం కావలెను.

మొదటిది, డిక్రీ అమలు జరుపు కోర్టులోనే 47, 60 సెక్షనులు చూపి, మగ్గాన్ని జప్తునుండి విడిపించుమని పిటీషను. ఇది వేలానికి ముందే పడవలెను.

రెండవది, అమీనా నడతపై ఫిర్యాదు. దానిని ఆ కోర్టు న్యాయాధికారికి ఇచ్చి, నకలు జిల్లా ప్రధాన న్యాయమూర్తికి పంపుడు. దావా నెంబరు, తేదీ, గంట, అన్న మాటలు, తీసికొనిపోయిన వస్తువులు, చూచిన సాక్షుల పేర్లు వ్రాయుడు. తిట్లు, ఊహలు వద్దు. అందినట్లు ముద్ర వేయించుకొనుడు. లంచమడిగినచో రాష్ట్రపు అవినీతి నిరోధక విభాగానికి వేరుగా తెలుపవలెను.

వారంటు లేక వచ్చు బ్యాంకు వసూలు మనుషులు అమీనాలు కారు. వారిపై ఫిర్యాదు ముందు ఆ బ్యాంకుకు, పిమ్మట రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు.

వకీలుకు ఇచ్చుకొనలేమని ఊరకుండవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం క్రింద తాలూకా న్యాయసేవా సంఘంలో ఉచితంగా వకీలును ఇత్తురు. స్త్రీలకు ఆదాయపరిమితి కూడ లేదు.

ప్రతి సొసైటీ యీ రెండు అర్జీల నమూనాలను స్థానిక భాషలో వ్రాయించి కార్యాలయంలో ఉంచవలెనని మా మనవి. మగ్గం ఆడిననే ఇల్లు గడచును. అప్పిచ్చినవాని బాకీ తీరుటకును అదే దారి.