యుద్ధానంతర బ్రిటన్ ప్రచార లఘుచిత్రాలు: ఇంధన పొదుపు, హాస్యం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసినా బ్రిటన్ గృహాలలో బొగ్గు కొరత తీరలేదు. 1947 జనవరి 1న గనులు జాతీయం అయ్యాయి. మరునెలలోనే తీవ్రమైన చలి, రవాణా స్తంభన కారణంగా విద్యుత్ కేంద్రాలకు బొగ్గు అందక, ఇళ్లకు పగటిపూట అయిదు గంటలపాటు సరఫరా నిలిపివేశారు. బొగ్గు రేషన్ 1958 వరకు కొనసాగింది.

యుద్ధకాలంలో పొదుపునకు శత్రుభయమే ప్రేరణ. శాంతికాలంలో ఆ ప్రేరణ లేదు. ఆజ్ఞాపించే స్వరాన్ని విసిగిన ప్రజలు సహించరు. 1946లో సమాచార మంత్రిత్వ శాఖ స్థానంలో ఏర్పడిన కేంద్ర సమాచార కార్యాలయం హాస్యాన్ని ఆశ్రయించడానికి నేపథ్యం ఇదే. అయితే ఈ ధోరణికి మూలాలు యుద్ధకాలంలోనే ఉన్నాయి. పూర్వాశ్రమంలో వైద్యుడైన రిచర్డ్ మాసింగ్‌హామ్ 1942లో 'ది ఫైవ్ ఇంచ్ బాదర్' తీశారు. స్నానపు తొట్టిలో అయిదు అంగుళాల నీరు చాలునన్నది సందేశం; నీరు తగ్గితే కాచే బొగ్గు తగ్గుతుంది. ఆ కొద్ది నీటిలో అవస్థపడే స్థూలకాయుడు దర్శకుడే. భరతుని పరిభాషలో చెప్పాలంటే, వికృతాకార చేష్టలు ఇక్కడ హాస్యానికి విభావాలు. బోధించేవాడే నవ్వులపాలు కావడంతో బోధలోని అధికార స్వరం కరిగిపోతుంది. యుద్ధానంతరం కూడా ఆయన చిత్రాలు ఈ పద్ధతినే అనుసరించాయి.

హాలస్, బాచెలర్ దంపతుల 'చార్లీ' కార్టూన్ల మార్గం వేరు. లేబర్ ప్రభుత్వ విధానాలను సామాన్యులకు వివరించడం వాటి ఉద్దేశం. బొగ్గును గురించినది 'చార్లీస్ బ్లాక్ మ్యాజిక్'. చార్లీ సణుగుతాడు, వ్యాఖ్యాతతో వాదిస్తాడు, చివరకు సమాధానపడతాడు. ముగింపు ముందే నిర్ణయమైనదే. అయినా ప్రభుత్వ ధనంతో తీసిన చిత్రంలో ప్రజల అసంతృప్తికి ఒక గొంతు దొరకడం చిన్న విషయం కాదు. మాసింగ్‌హామ్ పాత్రకు దేహమే తప్ప వాదం లేదు. హాస్యంలో ఆయనదే పైచేయి, ప్రజాస్వామ్య స్పృహలో చార్లీది అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ రెండు పద్ధతులలోనూ ఒక లోపం ఉంది. నవ్వు ఎప్పుడూ వాడకందారుని మీదే. సరఫరా ఎందుకు తప్పిందన్న ప్రశ్న పరిహాసానికి గురికాదు. చలికాలపు సంక్షోభానికి ముందు ఇంధన మంత్రి ఇమాన్యుయెల్ షిన్వెల్ ఇచ్చిన భరోసాలు పత్రికలలో విమర్శకు గురయ్యాయి. ఈ లఘుచిత్రాలకు అవి హాస్యవస్తువు కాలేదు. మరొకటి: పొయ్యి, నీళ్ల కాగు, బొగ్గు లెక్క నిత్యం చూసుకున్నది గృహిణులు, తెరపై నవ్వించిన కథానాయకులు మాత్రం ఇద్దరూ పురుషులే.