బల్లపరుపు భూమిపై ప్రొద్దు క్రుంకునా?

భూమి గోళాకారము గాదనియు, బల్లవలె సమముగా నున్నదనియు వాదించువారు ఈనాటికిని గలరు. వారి మతము ననుసరించి సూర్యుడు భూమికి సుమారు 3,000 మైళ్ల యెత్తున, ఉత్తరధ్రువము నడుమగా గల వలయములలో తిరుగుచుండును. అట్లయిన ప్రొద్దు క్రుంకుట యెట్లని యడిగినచో, వాయుమండలము కిరణములను వంచుటచేత క్రుంకినట్లు తోచునని సమాధానము చెప్పుచున్నారు. దీనిని పరిహాసముతో త్రోసిపుచ్చుట సుకరమే. కాని పరిహాసము ప్రత్యుత్తరము గాదు. వాయువు వెలుగును వంచుట వాస్తవము. కావున ఎటువైపునకు వంచును, ఎంత వంచును అను రెండు ప్రశ్నలను లెక్కతో పరిశీలింపవలసియున్నది.

ఈ చర్చ క్రొత్తది గాదు. భాస్కరాచార్యులు 1150వ సంవత్సరమున రచించిన సిద్ధాంతశిరోమణియందు, గోళాధ్యాయములో, సమభూమివాదమును ఖండించుచు, ఎంత దూరమేగినను పైననే తిరుగు సూర్యుడు మనుష్యులకు రాత్రివేళ కనబడకుండుటకు కారణమేమని ప్రశ్నించిరి. నేటి వాదులు ఆ ప్రశ్నకే వక్రీభవనమును జవాబుగా చూపుచున్నారు.

మొదట దిక్కు. నేలకు చేరువనున్న గాలి సాంద్రము. పైకి పోయినకొలది పలుచన. పలుచని గాలినుండి సాంద్రమైన గాలిలోనికి వచ్చు కిరణము నేలవైపునకు వంగును. అందుచేత చూపరికి సూర్యుడు ఉన్నచోటికంటె మీదుగా గానవచ్చును. డిగ్రీలో అరువదవ వంతు కల. దిక్చక్రమువద్ద సూర్యుడు సుమారు 34 కలలు పైకెత్తబడును. బింబపు వెడల్పు సుమారు 32 కలలు. కావున సముద్రపు అంచును బింబము తాకుచున్నట్లు మనము చూచువేళకు, వక్రీభవనము లేనిచో అది యావత్తు మఱుగుపడియే యుండెడిది. ఇందువలన ఉదయము రెండు నిమిషములకు పైగా ముందుగను, అస్తమయము అంత ఆలస్యముగను జరుగుచున్నవి. వక్రీభవనము ప్రొద్దును నిలుపునదే గాని క్రుంకించునది గాదు.

ఇక పరిమాణము. విషువద్దినమున భూమధ్యరేఖపై సాయంకాలము ఆరుగంటల ప్రాంతమున ప్రొద్దు క్రుంకును. వారి పటము ప్రకారము అప్పుడు సూర్యునికి సరిగా క్రిందనున్న స్థలము చూపరికి సుమారు 8,800 మైళ్ల దూరమున నుండును. అట్లయిన సూర్యుడు దిక్చక్రమునకు సుమారు 19 డిగ్రీల మీద కనబడవలెను. అర్ధరాత్రియందు సైతము 13 డిగ్రీలకు దిగడు. సమతలముగా పొరలుగొనియున్న గాలి ఆ 19 డిగ్రీల కడ కిరణమును వంచునది మూడు కలలు మాత్రమే. అదియును సూర్యుని మరింత పైకెత్తునట్లుగా. అంతియేగాదు, అట్టి వాయుమండలమునకు వెలుపలనున్న యే జ్యోతియు దిక్చక్రమునకు సుమారు 1.3 డిగ్రీలకంటె దిగువను కనబడనేరదు. ప్రొద్దు అంచును తాకుటయే అసంభవమగును.

ఎండమావులయందు కిరణము పైకి వంగుచున్నదిగదా యని కొందఱందురు. నిజమే. కాగిన నేలపై గాలి పలుచనయై వెలుగు పైకి మళ్లును. కాని అది నేలను రాచుకొనిపోవు కిరణముల విషయము. ఆ వంపు సాధారణముగా ఒక డిగ్రీనైన మించదు. 19 డిగ్రీలను హరించుటకు వక్రీభవన గుణకములో నూటికి ఐదుపాళ్ల భేదము కావలెను. శూన్యమునకును నేలపై గాలికిని గల భేదము పదివేలకు మూడుపాళ్లే.

వక్రీభవనమును ఉపేక్షించుటయు ప్రమాదమే. ఇంగ్లండులో శామ్యూల్ రౌబాతమ్ 1838లో బెడ్‌ఫర్డ్ కాలువయందు నీటికి కొలది అంగుళముల యెత్తునుండి చూచి, ఆరుమైళ్ల దూరపు పడవ కనబడినదనియు, నీరు సమతలమనియు నిర్ణయించెను. నీటినానుకొనిన గాలిలో కిరణము నీటి వంపుననుసరించి వంగగలదని ఆయన గణింపలేదు. 1870లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 500 పౌనుల పందెముపై అదే కాలువకడ చూపును నీటికి 13 అడుగులకు పైగా ఎత్తించి, నడుమనుంచిన గురుతు కొనలనున్న గురుతులకంటె మీదుగా ఉబికి కనబడుట నిరూపించెను. మధ్యవర్తి ఆయన పక్షమున తీర్పు చెప్పెను. అయినను ప్రతివాది జాన్ హాంప్డెన్ దూషణలు వాలెస్‌ను అనేక సంవత్సరములు వేధించినవి.

ఒక కారణమును పేర్కొనువాడు దాని దిక్కును, కొలతను గూడ చూపవలెను. వలసినప్పుడు పైకి, వలసినప్పుడు క్రిందికి వంచుకొనదగినది వాదమగునేమో గాని శాస్త్రము గానేరదు. మా మాటనైనను నమ్మి యూరకుండవలదు. విషువద్దినమున ఒక కఱ్ఱను నిలువుగా నాటి నీడను కొలువుడు. భూమి సమతలమైనచో అస్తమయమువఱకును ఆ నీడ కఱ్ఱకు ఇంచుమించు మూడురెట్లకు మించగూడదు. అది మూడురెట్లయిన పిమ్మట ఇంకను గంటకు పైగా ప్రొద్దుండును. నీడ పెరుగుచునే యుండును.