తిన్నది ఒంటబట్టడం లేదా?

“డాక్టరుగారూ, పిల్లవాడు తింటూనే ఉన్నాడు, ఒంటబట్టడం లేదు.” దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ తల్లులు తరచు అనే మాట ఇది. దిష్టి తీసి, టానిక్కులు తాగించి, ఆ తర్వాతే మా దగ్గరకు వస్తారు.

లోపం చిన్నపేగులో కూడా ఉండవచ్చు. పేగు లోపలి గోడకు ముఖమల్ గుడ్డకు నూగులాగా సన్నని చూషకాలుంటాయి. ఆహారసారాన్ని పీల్చుకునేవి అవే. వాటి పైపొర మూడు నుంచి అయిదు రోజులకొకసారి కొత్తగా తయారవుతుంది. ఇందుకు మాంసకృత్తులు, జింకు, ఫోలిక్ ఆమ్లం కావాలి. స్వల్ప పోషకాహార లోపం ఒక్కటే అయితే పేగు చాలావరకు తట్టుకుంటుంది. కలుషితమైన నీటితో మాటిమాటికీ విరేచనాలు తోడైతే చూషకాలు పొట్టివవుతాయి. తిన్నది సరిగా ఇంకదు, నీరసం పెరుగుతుంది, మళ్ళీ విరేచనాలు! కొందరికి కొన్నాళ్ళు పాలు కూడా పడవు.

విరేచనాలు పట్టుకుంటే పిల్లలను పస్తుంచే అలవాటు మనకింకా పోలేదు. “లంఖణం పరమౌషధం” అన్న మాట ఇక్కడ పనికిరాదు. తల్లిపాలు ఆపకండి. మెత్తని పప్పన్నం, పెరుగన్నం కొంచెం కొంచెంగా పెట్టండి. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగించండి. జింకు మాత్రలు, విరేచనాలు తగ్గినా సరే, 14 రోజులూ వేయాలి. మోతాదు వయసును బట్టి డాక్టరు చెబుతారు.

మామూలు రోజుల్లో పాలకూర పప్పులో చెంచాడు నూనె వేయండి. విటమిన్ ‘ఎ’ ఇంకడానికి కొవ్వు కావాలి. నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుమే తగ్గిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్ళే తాగించండి.

మలంలో రక్తం పడినా, కళ్ళు లోతుకు పోయినా, రెండు మూడు నెలలుగా బరువు పెరగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.