మాతృకయు, ప్రతులును: క్లౌడు సర్వరుల నవీకరణ విధానము

ప్రాచీన గ్రంథ పరిష్కరణమున అనుభవము గలవారికి ఒక చిక్కు సుపరిచితము. ఒక మాతృకనుండి పది ప్రతులు పుట్టును. ఒక లేఖకుడు తన ప్రతిలో ఒక పాఠమును దిద్దును; వేరొకడు మరియొకచోట చేర్పు చేయును. మాతృక మాత్రము దోషముతో అట్లే నిలిచియుండును. దానినుండి మరల ప్రతి తీసినవానికి పాత తప్పే సంక్రమించును. నేటి క్లౌడు సర్వరుల నిర్వహణమున ఎదురగు ప్రధాన సమస్యయు నిట్టిదే. దాని స్వరూపమును, పరిష్కారమును సంగ్రహముగా వివరించుట ఈ వ్యాసోద్దేశము.

క్లౌడనగా దూరమున నున్న కంప్యూటరులను అద్దెకు గైకొని వాడుకొను పద్ధతి. అమెజాన్ సంస్థ 2006లో ఇ.సి.2 అను పేర ఇట్టి సేవను ప్రారంభించినది. ఇందు క్రొత్త సర్వరు కావలసినపుడెల్ల దానిని మొదటినుండి అమర్చవలసిన పనిలేదు. ఆపరేటింగ్ సిస్టమును, వలయు ప్రోగ్రాములను, వాని అమరికలను చేర్చి ముందే భద్రపరచిన డిస్కుప్రతి యొకటి యుండును. దీనిని ఇమేజి యందురు. ఒక్క ఇమేజినుండి ఎన్ని సర్వరులనైనను కొలది నిమిషములలో పుట్టింపవచ్చును. రద్దీ పెరిగినపుడు సర్వరులు తమంత తామే పుట్టి, తగ్గినపుడు తొలగిపోవు ఏర్పాటును కలదు.

సౌకర్యమున్నచోటనే ప్రమాదమును కలదు. సమాచారమును గూఢభాషలోనికి మార్చి పంపుటకు విరివిగా వాడబడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను సాఫ్ట్‌వేరులో హార్ట్‌బ్లీడ్ అను దోషము 2014 ఏప్రిల్ 7న వెల్లడియైనది. దీనివలన అన్యుడు ఒక్కొక్క అభ్యర్థనతో సర్వరు మెమరీనుండి 64 కిలోబైట్ల వరకు చదువగలిగెడివాడు. అందు పాస్‌వర్డులును, రహస్యపు తాళములును ఉండవచ్చును. సవరించిన 1.0.1జి కూర్పు నాడే విడుదలయ్యెను. ఒక నిర్వాహకుడు నడచుచున్న నలువది సర్వరులలోను ఆ సవరణను చేసి, ఇమేజిని మరచెననుకొందము. ఆ రాత్రి రద్దీ పెరిగి మరి యైదు సర్వరులు పుట్టును. అవి పాత దోషముతోనే పుట్టును. మూసితిమనుకొన్న తలుపు తెరచియే యుండును. ఆ సంగతి యెవరికిని తెలియదు.

చేతితో చేయు సవరణలవలన మరియొక చిక్కు గలదు. కాలక్రమమున ఏ రెండు సర్వరులును ఒకతీరున నుండవు. మార్టిన్ ఫౌలర్ 2012లో ఇట్టి సర్వరును మంచురేకుతో పోల్చెను. అది చెడినచో మరల అట్టిదానిని నిర్మించుట దుర్ఘటము.

ఈ చిక్కును తీర్చుటకే అమరిక నిర్వహణ సాధనములు వెలసినవి. మార్క్ బర్జెస్ 1993లో ఓస్లోలో సి.ఎఫ్.ఇంజిన్‌ను రచించెను. తరువాత 2005లో పప్పెట్, 2009లో చెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చినవి. వీనియందలి మూలసూత్రమొక్కటే: చేయవలసిన పనిని గాక, ఉండవలసిన స్థితిని వ్రాయుట. “ఈ పంక్తిని ఫైలులో చేర్చుము” అను ఆజ్ఞను రెండుమార్లు నడపినచో పంక్తి రెండుమార్లు చేరును. “ఈ పంక్తి ఫైలులో ఉండవలెను” అని వ్రాసి ఎన్నిమార్లు నడపినను ఫలమొక్కటే. కావుననే పనిని నిర్భయముగా యంత్రమున కప్పగింపవచ్చును.

ఇమేజిని తయారుచేయుటకు 2013లో వెలువడిన ప్యాకర్ వంటి సాధనము తోడ్పడును. అది మొదట మూల ఇమేజినుండి ఒక తాత్కాలిక సర్వరును పుట్టించును. దానిపై ఆన్సిబుల్ నడచి సవరణలను, అమరికలను పూర్తిచేయును. పరీక్షలు ముగిసిన పిదప ఆ డిస్కును క్రొత్త ఇమేజిగా భద్రపరచి, తాత్కాలిక సర్వరును తొలగించును. వారమున కొకసారియు, దోషము వెల్లడియైనపుడును ఈ క్రమమంతయు తనంత నడచునట్లు ఏర్పాటు చేయవచ్చును. క్రొత్త ఇమేజికి క్రొత్త గుర్తింపుసంఖ్య వచ్చును. సర్వరులను పుట్టించు ఏర్పాటులో పాతసంఖ్యకు బదులు దీనిని నిలుపవలెను. ఈ యొక్క మెట్టు తప్పినచో పూర్వశ్రమ అంతయు వ్యర్థము.

అటుపిమ్మట నడచుచున్న సర్వరులను దిద్దరు. కొన్నికొన్నిగా తొలగించి, వాని స్థానమున క్రొత్తవానిని నిలుపుదురు. కావున వాడుకరుల దత్తాంశము సర్వరులో గాక వేరుగా భద్రపరచబడియుండవలెను. పాస్‌వర్డులను, రహస్యపు తాళములను ఇమేజిలో నుంచరాదు. ఉంచినచో ప్రతి సర్వరునందును అవియే వెలయును. వానిని సర్వరు పుట్టిన పిదప అందజేయవలెను.

ఈ పద్ధతియందును ఒక భయము లేకపోలేదు. ప్రతిలోని తప్పు ఒక్కచోటనే యుండును. మాతృకలోని తప్పు అన్నిచోట్లకును ప్రాకును. యంత్రము ఒప్పును ఎంత వేగముగా వ్యాపింపజేయునో తప్పును అంత వేగముగానే వ్యాపింపజేయును. అందువలన క్రొత్త ఇమేజిని మొదట ఒకటి రెండు సర్వరులకే పరిమితము చేసి చూడవలెను. వెనుకకు మరలుటకు వీలుగా పూర్వపు ఇమేజిని కొంతకాలము నిలుపుకొనవలెను. అమరికలను గిట్ వంటి సాధనమున భద్రపరచినచో ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఏల చేసిరో తెలియును. పరిష్కర్త పీఠికలో పాఠాంతరములను, తన నిర్ణయమునకు కారణములను తెలుపుటయు ఇట్టిదే.

సారాంశమేమన, దిద్దుబాటు ప్రతిలో గాక మాతృకలో జరుగవలెను. మాతృకయు లిఖితమైన విధానమునుండి మరల మరల పుట్టింపదగినదై యుండవలెను.