జంటతారల ధూళిచక్రములు

చిల్కానగరునుండి నాచారము, మల్లాపురములమీదుగా నుత్తరమునకు గొలది మైళ్లు పోయినచో, ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతమున టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము గలదు. ఆ చుట్టుపట్ల గాపురముండువారిలో నెందఱికో యది యొక ప్రహరీగోడ మాత్రమే. ఆ గోడలోనుండి లేచిన బెలూనులు నక్షత్రముల పురిటిండ్లను జూచి వచ్చినవన్న నమ్మువా రరుదు.

సూర్యునివంటి నక్షత్రములలో దాదాపు సగమునకు తోడుతార యున్నది. ధూళియు వాయువును నిండిన మేఘము తన బరువునకు దానే క్రుంగి, తిరుగుచు, ఒక్కొక్కపుడు రెండుగా జీలి కవలలను గనును. మిగిలిన ధూళి పళ్లెమువలె వానిచుట్టు దిరుగును. గ్రహములు పుట్టునది యాపళ్లెముననే. కాని కవలల యాకర్షణ దానిని గోసివేయును: ఒక్కొక్క తారచుట్టు నొక చిన్నపళ్లెము, రెండింటిని జుట్టి వెలుపల నొక పెద్దవలయము, నడుమ ఖాళీ. వృషభరాశిలో సుమారు 450 కాంతిసంవత్సరముల దూరముననున్న జి.జి. టౌరీ యను లేతతారల కూటమియం దిట్టివలయము స్పష్టముగ గానవచ్చినది.

ఈ ధూళి చల్లనిది. తారవేడిని గ్రోలి, కంటికి గానరాని పరారుణ కిరణములుగా మరల వెడలించును. తార దాపునున్న ధూళి హ్రస్వతరంగముల నిచ్చును; దూరపుధూళి దీర్ఘతరంగముల నిచ్చును. నడుమ ఖాళీయున్నచో నడిమి తరంగములు కొఱవడును. పంక్తిలోని ఖాళీవిస్తరినిబట్టి రాని చుట్టమును బోల్చుకొన్నట్లు, శాస్త్రజ్ఞులు కంటికందని ఖాళీని లెక్కగట్టుచున్నారు. స్పిట్జరు దూరదర్శినితో ప్రౌఢవయస్సు జంటలను బరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితము విచిత్రమైనది: మిక్కిలి దగ్గఱ జంటలకును, మిక్కిలి యెడమైన జంటలకును ధూళి విస్తారముగ నున్నది; భూమికిని సూర్యునికిని గల దూరమునకు 3 మొదలు 50 రెట్ల యెడముగల జంటలకే యరుదు. రెండు సూర్యుల జుట్టు గ్రహము 2011లో కెప్లరు-16 నొద్ద దొరకనే దొరకినది.

దీర్ఘ పరారుణ కిరణములను మన వాయుమండలములోని నీటియావిరి మ్రింగివేయును. కావుననే టాటా సంస్థవారు తాము నిర్మించిన 100 సెంటీమీటర్ల దూరదర్శినిని, హైడ్రోజను నింపిన బెలూనునకు గట్టి, యీ హైదరాబాదునుండి సుమారు 30 కిలోమీటర్ల యెత్తునకు బంపిరి. నక్షత్రములు పుట్టు మేఘములందలి చల్లనిధూళి వేడిమిని గొలిచిరి. 1999 మొదలు జపాను శాస్త్రజ్ఞుల పరికరమునుగూడ దానికి జేర్చిరి. అది కవలల పళ్లెములను విడివిడిగ జూపజాలినది కాదు. ఆ మాట దాచ నక్కఱలేదు. ఆ పళ్లెములకు దల్లియైన మేఘమును జూచినది.

జంటతారల విద్య యీ నగరమునకు గ్రొత్తయు గాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్య అభ్యంకరు గ్రహణజంటలపై బరిశోధించెను. జపాల్-రంగాపురమున 48 అంగుళముల దూరదర్శిని 1968లో వెలసెను.

బెలూను మోసిన పరికరములు పారాచూటుతో నేదో పల్లెపొలమున దిగును. దొరకినవారు వానిని ముట్టక కబురుచేయవలెనని పత్రికలలో బ్రకటించుట వాడుక. మంచిదే. ఆ పెట్టె మీదికేల పోయినదో, యేమి చూచినదో గూడ తెలుగున నాలుగు పుటలు వ్రాయించి, ఉప్పలు, నాచారము, చిల్కానగరు పాఠశాలలకు బంపుటకు వ్యయ మేపాటి?