చార్మినార్ నియోజకవర్గం - ఎన్నికల చరిత్ర

చార్మినార్ శాసనసభా నియోజకవర్గం 1967లో ఆ పేరుతో మొదటిసారి ఎన్నికలు చూసింది. అప్పటి నుండి 2023 వరకు పదమూడు సాధారణ ఎన్నికలు జరిగాయి. పదమూడింటిలోనూ మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు చెందిన అభ్యర్థే గెలిచాడు. రాష్ట్రంలో ప్రభుత్వాలు మారాయి, పార్టీలు చీలాయి, చివరికి రాష్ట్రమే రెండయింది. ఈ స్థానం మాత్రం చేతులు మారలేదు. ఇది చూసి చాలామంది ఇక్కడ ఎన్నిక ఒక లాంఛనం మాత్రమేనని, ఓటరు ఆలోచించవలసింది ఏమీ లేదని అనుకుంటారు. చరిత్రను కొంచెం దగ్గరగా చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. ఇక్కడి ఓటరు కనీసం రెండుసార్లు, 1962లోను 1994లోను, స్పష్టమైన నిర్ణయం చేశాడు. ఆ రెండు సందర్భాలలోనూ ప్రధాన పోటీ ముస్లిముల మధ్యనే జరగడం గమనించదగిన విషయం.

నియోజకవర్గాన్ని ఉర్దూలో 'హల్కా' అంటారు. హల్కా అంటే వలయం, చుట్టూ గీసిన గీత. తెలుగు మాటలో నియోగించడం, అంటే ఒకరిని మన పనికి ఏర్పాటు చేయడం, ప్రధానం. ఉర్దూ మాటలో హద్దు ప్రధానం. పాత నగరం విషయంలో రెండు అర్థాలూ అవసరమే. ఎవరిని నియోగించారన్నది ఎంత ముఖ్యమో, గీత ఎక్కడ గీశారన్నదీ అంతే ముఖ్యం.

నిజాం పాలనలో సామాన్యుడికి ఓటు లేదు. వయోజనులందరికీ ఓటు హక్కుతో హైదరాబాదు రాష్ట్రంలో మొదటి ఎన్నికలు 1952లో జరిగాయి. అప్పటికి పోలీసు చర్య జరిగి నాలుగేళ్లు కూడా నిండలేదు. సంస్థానపు సైన్యం రద్దయింది. 1949లో జాగీర్లు పోయాయి. వాటిని నమ్ముకొని బ్రతికిన వేలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. మజ్లిస్ కార్యకలాపాలు ఆగిపోయాయి, దాని నాయకుడు ఖాసిం రజ్వీ జైలులో ఉన్నాడు. అటువంటి రోజులలో పాత నగరపు ముస్లిం ఓటరుకు పాలక పక్షపు నీడలో నిలబడడమే క్షేమమనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. శాలిబండ స్థానం నుండి కాంగ్రెసు అభ్యర్థిని మాసూమా బేగం గెలిచారు.

ఈమె గురించి నేటి పాఠకులలో తెలిసినవారు తక్కువ. ఈమె తల్లి తయ్యబా బేగం బిల్‌గ్రామీ ముస్లిం స్త్రీలలో పట్టభద్రులైన తొలితరానికి చెందినవారు. సోదరుడు అలీ యావర్ జంగ్ రాయబారిగా, గవర్నరుగా ప్రసిద్ధుడు. మాసూమా బేగం సంపన్న కుటుంబంలో పుట్టినా స్త్రీల విద్య కోసం, సంఘసేవ కోసం చాలాకాలం పనిచేశారు. 1957లో పత్తర్‌ఘట్టి నుండి తిరిగి ఎన్నికయ్యారు. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ ఆమెకు లభించింది. దేశంలోనే మంత్రి పదవి చేపట్టిన తొలి ముస్లిం మహిళలలో ఆమె ఒకరు.

ఈలోగా పరిస్థితి మారింది. 1957లో విడుదలైన ఖాసిం రజ్వీ మజ్లిస్ బాధ్యతను న్యాయవాది అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1958లో సంస్థ తిరిగి నడక ప్రారంభించింది. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సవరించుకోవాలి. పేరు పాతదే అయినా పని పాతది కాదు. 1948కి పూర్వపు మజ్లిస్ సంస్థానపు అధికారం నిలబడాలని కోరింది. 1958 తరువాతి మజ్లిస్ భారత రాజ్యాంగం ఇచ్చిన హక్కులను ఓటు ద్వారా సాధించుకోవాలని బయలుదేరింది. 1960లో హైదరాబాదు పురపాలక ఎన్నికలలో వాహెద్ సాహెబ్ కుమారుడు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ మల్లేపల్లి నుండి గెలిచారు. రెండేళ్లకే, 1962లో, ముప్పది ఒక్క ఏళ్ల వయసులో పత్తర్‌ఘట్టిలో నిలబడి పదవిలో ఉన్న మంత్రి మాసూమా బేగంను ఓడించారు.

ఈ ఫలితాన్ని ఆమె మీద తీర్పుగా భావించడం సరికాదు. ఆమె యోగ్యతను ఎవరూ కాదనలేదు. కాని మంత్రివర్గంలో ఒక గౌరవనీయురాలు ఉండడం వేరు, గల్లీలో పిలిస్తే పలికే మనిషి ఉండడం వేరు. ఉద్యోగం, రేషను, పోలీసు ఠాణా, ఉర్దూ బడి - వీటి కోసం తిరిగే సామాన్యుడు రెండవదాన్ని కోరుకున్నాడు. అయితే ఆ నిర్ణయంలో నష్టం కూడా లేకపోలేదు. 1962 తరువాత ఈ హల్కా నుండి ఒక్క మహిళ కూడా శాసనసభకు వెళ్లలేదు.

1967 ఎన్నికల నాటికి పత్తర్‌ఘట్టి పేరు పోయి చార్మినార్ పేరు వచ్చింది. ఆ ఏడు సలాహుద్దీన్ ఒవైసీ, 1972లో ఆయన యాకుత్‌పురాకు మారగా సయ్యద్ హసన్, 1978లోను 1983లోను మళ్లీ ఒవైసీ గెలిచారు. 1984లో ఆయన లోక్‌సభకు వెళ్లిన తరువాత 1985లో ముకర్రముద్దీన్, 1989లో విరాసత్ రసూల్ ఖాన్ ఎన్నికయ్యారు. ఎన్నికల సంఘం పాత పట్టికలు చూసేవారికి 1985 వరకు వీరందరి పేర్ల పక్కన 'స్వతంత్ర' అని కనిపిస్తుంది. అంతమాత్రాన వారు ఏ పక్షానికీ చెందనివారని భ్రమపడరాదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో పార్టీల నమోదుకు సంబంధించిన 29ఎ విభాగం 1989లో అమలులోకి వచ్చింది. ఆ ఏడాది నుండే పట్టికలలో మజ్లిస్ పేరు కనిపిస్తుంది.

ఇక 1994. అంతకు రెండేళ్ల ముందు, 1992 డిసెంబరు 6న, బాబ్రీ మసీదు కూల్చివేయబడింది. ఆ సమయంలో మజ్లిస్ నాయకత్వం సరిగా వ్యవహరించలేదన్న అసంతృప్తి సంస్థలోనే రగిలింది. చాంద్రాయణగుట్ట నుండి 1978 మొదలు వరుసగా గెలుస్తూ వచ్చిన అమానుల్లా ఖాన్ 1993లో బయటకు వచ్చి మజ్లిస్ బచావో తహరీక్ స్థాపించారు. ఎన్నికలు వచ్చేసరికి చాంద్రాయణగుట్టలో ఆయనే గెలిచారు. యాకుత్‌పురాలో అదే పక్షం నుండి ముంతాజ్ అహ్మద్ ఖాన్ గెలిచారు. మజ్లిస్‌కు రాష్ట్రం మొత్తం మీద ఒకే ఒక్క స్థానం మిగిలింది. అది చార్మినార్. అక్కడ గెలిచినవారు లండనులో న్యాయశాస్త్రం చదివి వచ్చిన ఇరవై అయిదేళ్ల అసదుద్దీన్ ఒవైసీ. ఆయన ఓడించింది కూడా తహరీక్ అభ్యర్థినే. పక్కపక్కనే ఉన్న వీధులు, ఒకే భాష, ఒకే బాధ. అయినా మూడు హల్కాలు రెండు విధాలుగా తీర్పు చెప్పాయి. ముస్లిం ఓటు ఒక ముద్దగా పడుతుందని వ్రాసేవారు ఈ ఒక్క ఎన్నికను పరిశీలిస్తే చాలు.

1999లో అసదుద్దీన్ తెలుగుదేశం అభ్యర్థి మీద 93 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. తహరీక్ నుండి ముంతాజ్ ఖాన్ తిరిగి మజ్లిస్‌లో చేరారు. చాంద్రాయణగుట్టలో అమానుల్లా ఖాన్ ఓడిపోయారు. 2004, 2009, 2014లలో చార్మినార్ నుండి సయ్యద్ అహ్మద్ పాషా ఖాద్రీ ఎన్నికయ్యారు. 2018లో ఆయనను యాకుత్‌పురాకు, యాకుత్‌పురా నుండి ముంతాజ్ ఖాన్‌ను చార్మినార్‌కు మార్చారు. ఇద్దరూ గెలిచారు. అభ్యర్థిని ఒక గడి నుండి మరొక గడికి ఇంత సులభంగా జరపగలగడం పార్టీ బలానికి నిదర్శనం. తన ప్రతినిధిని పేరు పెట్టి పిలిచి లెక్క అడిగే అలవాటు ఓటరులో సన్నగిల్లడానికి కూడా ఇదే కారణం కావచ్చు.

2009 ఎన్నికల నుండి అమలైన పునర్విభజనలో గీతలు మళ్లీ మారాయి. హైదరాబాదు జిల్లా స్థానాలు పదమూడు నుండి పదిహేను అయ్యాయి. 2004లో నాలుగు స్థానాలున్న మజ్లిస్‌కు 2009లో ఏడు వచ్చాయి. ఆ తరువాతి మూడు ఎన్నికలలోనూ అవే ఏడు నిలిచాయి. కొత్త చార్మినార్‌లో పత్తర్‌ఘట్టి, మొఘల్‌పురా, శాలిబండలతో పాటు వర్తక కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఘాన్సీబజారు కూడా ఉంది. 2023లో మాజీ మేయరు మీర్ జుల్ఫికార్ అలీ సుమారు 22 వేల ఆధిక్యంతో గెలిచారు. రెండవ స్థానంలో నిలిచినది భారతీయ జనతా పార్టీ మహిళా అభ్యర్థిని. హద్దులు మారాయి కనుక ఈ 22 వేలను 1999 నాటి 93 వేలతో నేరుగా పోల్చరాదు.

పోలింగు శాతాన్ని మాత్రం పోల్చవచ్చు. 2023లో రాష్ట్రం మొత్తం మీద 70 శాతం పైగా ఓట్లు పోలయ్యాయి. హైదరాబాదు జిల్లాలో సగం కూడా పోలవలేదు. ఇళ్లు మారినవారి, మరణించినవారి పేర్లు జాబితాలలో మిగిలిపోవడం ఈ శాతాన్ని కొంత తగ్గించి చూపుతుంది. అయినా అదొక్కటే కారణమనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. చార్మినార్‌ను ఆనుకొని ఉన్న యాకుత్‌పురాలో పోలింగు 40 శాతానికి కూడా చేరలేదు. అక్కడ అమానుల్లా ఖాన్ కుమారుడు అమ్జదుల్లా ఖాన్ తహరీక్ తరఫున నిలబడ్డారు. మజ్లిస్ అభ్యర్థి గెలిచారు. ఆధిక్యం 878 ఓట్లు.