పట్టాల చప్పుడు పట్టుకోవడం తేలిక కాదు!

గవర్నర్‌పేట, విజయవాడ: రైలు ఎలా చప్పుడు చేస్తుందని పిల్లవాణ్ణి అడిగితే ‘చుక్ చుక్’ అంటాడు. ఆవిరి ఇంజన్లు మూలపడి ఏళ్ళు గడిచినా ఆ చుక్‌చుక్ మాత్రం పోలేదు. కంప్యూటరులో రైలు నడిపే ‘సిమ్యులేటరు’ తయారుచేసేవారికీ ఇదే చిక్కు వస్తున్నది. తెరమీద ఇంజను, స్టేషను, పొలాలు అచ్చం అసలువాటిలాగే కనిపిస్తాయి. చప్పుడు వినగానే అది ఉత్త బొమ్మ అని తెలిసిపోతుంది.

సిమ్యులేటరు అంటే కదలకుండా కూర్చుని రైలు నడపడం నేర్పే యంత్రం. రైల్వే శిక్షణ కేంద్రాలలో లోకో పైలట్లకు వీటిమీద తర్ఫీదు ఇస్తున్నారు. ఇళ్ళలో సరదాకు నడిపేవారి కోసం 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘ట్రెయిన్ సిమ్యులేటర్’ను విడుదల చేసింది. తరువాత ఔత్సాహికులు కలిసి ‘ఓపెన్ రైల్స్’ అనే ఉచిత ప్రోగ్రామును తయారుచేశారు. ఇందులో ఎవరి ఊరి రైలు మార్గాన్ని వారు చప్పుడుతో సహా అమర్చుకోవచ్చు.

గవర్నర్‌పేటకు విజయవాడ రైల్వే స్టేషను కూతవేటు దూరంలోనే ఉన్నది. చెన్నై, హౌరా, ఢిల్లీ వైపు వెళ్ళే ప్రధాన మార్గాలు అక్కడ కలుస్తాయి. ఆ పక్కనే యార్డు, కొద్ది దూరంలో ప్రకాశం బ్యారేజీకి దిగువన కృష్ణ మీద ఇనుప గర్డర్ల రైలు వంతెన ఉన్నాయి. చెవి పెట్టి వినేవారికి కావలసిన పాఠమంతా ఈ నాలుగు మైళ్ళలోనే దొరుకుతుంది.

టక్‌టక్ ఎక్కడిది?

పూర్వం 13 మీటర్ల పట్టాలను ఫిష్‌ప్లేట్లతో, బోల్టులతో అతికేవారు. ఎండకు ఇనుము సాగుతుంది కనుక అతుకు దగ్గర కొద్దిగా సందు వదిలేవారు. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా ‘టక్’మంటుంది. పెట్టెకు ముందొక చట్రం, వెనుకొక చట్రం, ఒక్కొక్క చట్రానికి రెండేసి ఇరుసులు ఉంటాయి. అందుచేత చప్పుడు ఒంటిగా రాదు, ‘టక్‌టక్’ అని జంటగా వస్తుంది.

పాతరకం పెట్టెలలో ఒక చట్రం కింది రెండు ఇరుసుల మధ్య దూరం దాదాపు 2.9 మీటర్లు. రైలు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 10 మీటర్లు నడుస్తుంది. అంటే మొదటి టక్కుకూ రెండవ టక్కుకూ మధ్య సెకనులో మూడోవంతు కన్నా తక్కువ వ్యవధి ఉంటుంది. తరువాతి జంట 1.3 సెకన్లకు వస్తుంది. సిమ్యులేటరులో ఈ లెక్క తప్పితే రైలు కుంటుతున్నట్లు వినిపిస్తుంది.

విదేశీ శబ్దాలను తెచ్చి మన రైలుకు తగిలించడం మరొక పొరపాటు. మన దేశంలో రెండు పట్టాల అతుకులు ఎదురెదురుగా ఉంటాయి. అమెరికాలో ఒక పట్టా అతుకు రెండవ పట్టా నడిమికి వచ్చేలా వేసేవారు. అక్కడి చప్పుడుకు ఇక్కడి లయ ఉండదు.

ఇప్పుడు హోరే ఎక్కువ

ప్రధాన మార్గాలలో పట్టాలను పొడవునా వెల్డింగు చేయడంతో టక్‌టక్ చాలావరకు పోయింది. కాంక్రీటు స్లీపర్లు, కంకర ఆ పొడవైన పట్టాను కదలకుండా బిగించి పడతాయి. ఇటువంటి చోట ఎడతెగని హోరు మాత్రమే వినవస్తుంది. కనుక ఈనాటి విజయవాడ–చెన్నై మార్గాన్ని చూపిస్తూ దారి పొడుగునా టక్‌టక్ వినిపిస్తే అది వినసొంపుగా ఉండవచ్చునేగాని నిజం కాదు. యార్డులో పాయింట్లు దాటేటప్పుడు మాత్రం పట్టా ఖాళీమీద చక్రాలు పడి దడదడమంటాయి. మలుపులో చక్రపు అంచు పట్టాకు ఒరుసుకొని కీచుమంటుంది. ఇనుప వంతెన ఎక్కగానే గర్డర్లు కూడా అదిరి డోలు వాయించినట్లు మోగుతుంది.

అమర్చే విధానం

అనుభవం గలవారు పాటించే పద్ధతి ఇది. ముందుగా హోరు, అతుకు, పాయింటు, మలుపు, వంతెన శబ్దాలను వేటికవి విడివిడిగా రికార్డు చేయాలి. హోరును నెమ్మది, మధ్యరకం, అధికవేగాలలో మూడుసార్లు తీసుకోవాలి. ఒకే రికార్డును వేగం పెంచి వినిపిస్తే రైలు దోమలా గీపెడుతుంది. వేగం మారేకొద్దీ ఒక హోరు తగ్గుతూ మరొకటి అందుకోవాలి.

అతుకు చప్పుడును గడియారంతో కాక నడిచిన దూరంతో ముడిపెట్టాలి. ప్రతి 13 మీటర్లకు ఒక జంట పడేటట్లు చూస్తే రైలు ఆగినప్పుడు చప్పుడూ తనంత తానే ఆగుతుంది. ఆ తరువాత మార్గాన్ని ముక్కలుగా విడదీసి ఏ ముక్కకు ఏ శబ్దమో చెప్పాలి. ఇందుకు మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాములో ‘టీటైప్’ అనే చిన్న ఫైలు ఉన్నది. ప్రతి పట్టారకానికి పెట్టె లోపల వినవలసిన శబ్దాన్నీ, బయట వినవలసిన శబ్దాన్నీ అందులో వేరువేరుగా రాస్తారు. కిటికీ తెరిచిన స్లీపరు పెట్టెకూ, అద్దాలు బిగించిన ఏసీ పెట్టెకూ తేడా చూపవలసి ఉంటుంది.

సరిగా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉన్నది. 13 మీటర్ల అతుకుల దారిలో 47 సెకన్లపాటు టక్‌టక్ జంటలను లెక్కించాలి. ఎన్ని జంటలు వస్తే రైలు వేగం గంటకు దాదాపు అన్ని కిలోమీటర్లు. తెరమీది స్పీడు ముల్లు వేరే సంఖ్య చూపితే అమరికలో లోపం ఉన్నట్లే. అతుకులు మిగిలిన లైనులో అసలు రైలెక్కినప్పుడు కూడా ఈ లెక్క చేసి చూడవచ్చు.

చప్పుడే హెచ్చరిక

ఇదంతా వేడుకకే అనుకుంటే పొరపాటు. పూర్వం స్టేషన్లలో సుత్తితో చక్రాన్ని కొట్టి చూసేవారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగులు ఉన్నదని అనుమానం. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా జారితే ఒకచోట చదునుగా అరుగుతుంది. అటువంటి చక్రం తిరిగినప్పుడల్లా పట్టాను బాదుతుంది. పాతరకం పెట్టె చక్రం ఒక చుట్టుకు సుమారు 2.9 మీటర్లు నడుస్తుంది. కనుక దాని దెబ్బలు అతుకు చప్పుడుకు నాలుగైదింతలు తరచుగా పడతాయి. ఈ దెబ్బను కొలిచే పరికరాలను రైల్వేవారు ఇప్పుడు పట్టాలకే అమర్చుతున్నారు.

చలికి ఇనుము ముడుచుకొని వెల్డింగు దగ్గర పట్టా విరగవచ్చు. చప్పుడు లేని దారిలో హఠాత్తుగా వచ్చిన ఒక్క దెబ్బ దానికి గుర్తు కావచ్చు. సిమ్యులేటరులో అన్నిచోట్లా ఒకే మోత వినిపిస్తే నేర్చుకునేవాని చెవికి ఈ తేడా పట్టుబడదు. సరైన చోట సరైన శబ్దం ఉండాలని పట్టుబట్టడం ఇందుకోసమే.

శబ్దాల కోసం లైను మీదికి దిగడం మాత్రం తగదు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైల్వే హద్దులలో ప్రవేశిస్తే ఆరు నెలల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పైన తీగలలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. మైకును కర్రకు కట్టి ఎత్తడం ప్రాణాంతకం. పెట్టెలో కూర్చునో, ప్లాట్‌ఫారం మీద గీతకు ఇవతల నిలబడో రికార్డు చేసుకుంటే చాలు.

లైను పక్క గ్రామాలవారికి రోజూ వినే రైలు చప్పుడు బాగా తెలుసు. ఎప్పుడూ నున్నగా పోయే చోట ఒక రోజున ప్రతి చక్రమూ టక్కుమంటే తేలికగా తీసుకోరాదు. దగ్గరలోని గేటుమన్‌కు గాని, స్టేషను మాస్టరుకు గాని వెంటనే చెప్పాలి. 139 నంబరుకు ఫోను చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.